కత్తెర తాత ఏనుగు

వీధి చివర మొక్కల తోట ఉన్న ముసలాయన్ని అందరూ కత్తెర తాత అనేవాళ్ళు. అసలు పేరేమిటో, ఏ కాగితం మీదైనా సంతకం పెట్టాల్సి వస్తే తప్ప, కన్నకూతుళ్ళకే గుర్తొచ్చేది కాదు. అలంకారపు పొదలకు రూపాలు కట్టడం ఆయన పని. ఒక రకం పొద ఉంది, చిటికెనవేలి గోరంత ఆకు, దళసరిగా, ముదురాకుపచ్చగా ఉంటుంది, ఏడాదికి బెత్తెడు కూడా పెరగదు. ఆ ఇంట్లో దాన్ని చిన్నాకు పొద అనేవాళ్ళు. బద్ధకంగా పెరిగేదానికే రూపం నిలుస్తుందని, తొందరగా పెరిగేదానికి పొగరు తప్ప ఇంకేమీ మిగలదని తాత అంటూండేవాడు.

గేటు దగ్గర్నుంచి కుళాయి దాకా పన్నెండు సిమెంటు తొట్లలో ఆయన పన్నెండు పొదలు నిలబెట్టాడు. ఏనుగు, గొడుగు, గంట, పడవ, కుందేలు, కుండ, నెమలి, బాతు, కోడిపుంజు, గుర్రం, మెట్లు, చుట్ట చుట్టుకున్న పాము. అవి అమ్మకానికి కావు. వాటిని చూడ్డానికి వచ్చిన జనం మామూలు మొక్కలు కొనుక్కుని పోయేవాళ్ళు. పార్కుల వాళ్ళు, హోటళ్ళ వాళ్ళు కంచెలు కత్తిరించాలన్నా, వాకిట్లో పొదకు రూపం కట్టించాలన్నా, ఆ పన్నెండింటిని కోసిన కత్తెర ఎవరి చేతిలో ఉంటే వాళ్ళనే పిలిచేవాళ్ళు. తాతకి ఆ కత్తెర వాళ్ళ నాన్న ఇచ్చాడు, ఆయనకి ఆయన మేనమామ ఇచ్చాడట. ఇచ్చేటప్పుడు పదిమంది ముందు "ఇక చెయ్యి వీడిది" అని ఒక్క మాట అనాలి. ఆ మాట పడితేనే మనిషి పనివాడు. పడకపోతే ఎన్నేళ్ళు చేసినా కూలీయే.

తాత పెద్దకూతురికి నలభై ఏడేళ్ళు. ఏనుగు పొదకీ ఆమెకీ ఒకటే ఈడు, ఆమె పుట్టిన ఏడాదే ఆయన ఆ కొమ్మ నాటాడు. ఏనుగుని రోజుకి రెండుసార్లు నిమిరేవాడు. కూతుర్ని ఎప్పుడైనా నిమిరాడో లేదో చెప్పగలిగిన తల్లి ఎప్పుడో కన్నుమూసింది.

ఆమెని ఊరంతా బకెట్టు అనేది. ఆ పేరు పెట్టింది కూడా కన్నతండ్రే. ఒక పొద కోశాక ఇంకో పొద మీద కత్తెర పెట్టాలంటే బ్లీచింగ్ కలిపిన బకెట్టు నీళ్ళలో ముంచి, తుడిచి పెట్టాలి. లేకపోతే దీని జబ్బు దానికి అంటుకుంటుంది. "ఎంగిలి కత్తెర పెడితే మొక్కకి పాపం, మనకి నష్టం" అనేవాడు తాత. తొమ్మిదేళ్ళ వయసులో ఆ బకెట్టు ఆమె చేతికి వచ్చింది. అప్పట్నుంచి ఆయన ముందు, ఆమె వెనక. బ్లీచింగ్ నీళ్ళకి వేళ్ళ చివర తోలు ఊడి, మళ్ళీ వచ్చి, మళ్ళీ ఊడి, చివరికి ఆ వేళ్ళ మీద గీతలే లేకుండా పోయాయి. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే, మరి బకెట్టు ఎవరు పడతారని తాత దాటేసేవాడు. దాటేసి దాటేసి ఆమె వయసే దాటిపోయింది.

పద్నాలుగేళ్ళప్పుడు ఒకసారి ఆమె ఎవరికీ చెప్పకుండా ఒక చిన్న పొదని గుండ్రంగా కోసి, సంబరంగా తెచ్చి తండ్రి ముందు పెట్టింది. ఆయన దాన్ని గిరగిరా తిప్పి చూసి, మొక్కలు కొనడానికొచ్చిన వాళ్ళందర్నీ కేకేసి పిలిచాడు. ఇది బంతా గుమ్మడికాయా మీరే చెప్పండని అడిగాడు. వాళ్ళు నవ్వారు. పెద్దవాళ్ళ నవ్వుకి పిల్ల కూడా నవ్వబోయింది. అప్పుడాయన కత్తెర తెరిచి దాన్ని నడిమికి నరికాడు. నరికి, ముక్కలు ఊడవమన్నాడు.

ఆమె ఊడ్చింది. కానీ పారెయ్యలేదు. నీళ్ళ ట్యాంకు వెనక, పగిలిన కుండీలు పడేసే చోట, ఆ ముక్కల్ని గుచ్చింది. కొన్ని బతికాయి. అక్కడ మొదలైంది అసలు కథ. తండ్రి నెమలిని కోసిన రోజు రాలిన కొమ్మల్లోంచి ఒకటి నాటింది, అది ఆమె నెమలి. గుర్రం కోసిన రోజుది ఆమె గుర్రం. రోజూ మధ్యాహ్నం ఆయన భోంచేసి ఒక కునుకు తీసేవాడు. ఆ గంటన్నర ఆమెది. పొద్దున ఆయన నెమలి మెడ ఎక్కడ తిప్పాడో చూసి, మధ్యాహ్నం తనూ అక్కడే తిప్పేది. ముప్పై మూడేళ్ళు. ట్యాంకు వెనక కూడా పన్నెండు నిలబడ్డాయి. చెల్లెలు ఒక్కతే చూసింది వాటిని. "అక్కా, నీకు పిల్లల్లేరన్న దిగులెందుకే, ఒక్క కాన్పులో పన్నెండుమంది" అని పకపకా నవ్వి, నాన్నకి చెప్పనులే అంది. చెప్పలేదు కూడా. చిన్నదాని మనసు చెడ్డది కాదు, నీళ్ళలాంటిది, ఎటు వాలితే అటు.

ఆ చిన్నదాని మొగుడే ఇంటల్లుడు. మాటల మనిషి. ఆయన మాట్లాడుతుంటే కోడిపుంజు పొద కూడా కూసేలా ఉండేది. కత్తెర పడితే మాత్రం రోకలి పట్టినట్టే. బయట కంచెలు కత్తిరించడానికి ఆయన వెళ్ళేవాడు. బకెట్టు పట్టుకునే నెపంతో వదినగారు వెనకాల వెళ్ళి, ఆయన వంకరగా కోసినదల్లా సరిచేసి వచ్చేది. ఇంటికొచ్చాక పని ఎలా జరిగిందని మామ అడిగితే, తీగ లాగినట్టు వచ్చింది మామయ్యా అనేవాడు. అబద్ధం కాదు, వచ్చింది. ఎవరి చేత అన్నదే మింగేసేవాడు.

నాలుగేళ్ళ కిందట తాతకి చూపు పోయింది. ఒక కన్ను ముందు, ఒక కన్ను వెనక. ఆయన ఏడవలేదు, ఎవర్నీ ఏడవనివ్వలేదు. వేళ్ళతో చూడడం నేర్చుకున్నాడు. రోజూ పొద్దున్నే గేటు దగ్గర మొదలుపెట్టి పన్నెండింటినీ తడిమేవాడు, ఒక్కోదానికీ మధ్య అలవాటుగా చేతులు బకెట్టులో ముంచేవాడు. ఎక్కడ ఒక ఆకు ముందుకొచ్చినా ఆ వేళ్ళకి తెలిసేది. చీకట్లో ఉన్నవాడికి చేతులే లోకం. మెత్తబడ్డాడా అంటే లేదు, ఇంకా పదునెక్కాడు. ఆమె అడుగు ఆలస్యమైతే కత్తెర పిడితో మోకాలి మీద కొట్టేవాడు. గుడ్డివాడైనా గురి తప్పేది కాదు.

ఈ ఏడాది వానలకి ముందు అల్లుడు ఏదో లారీ వాడి దగ్గర చవగ్గా వచ్చాయని యాభై చిన్నాకు మొక్కలు దింపించాడు. ఎక్కడివో అడగలేదు. తెచ్చినవాటిని కొన్నాళ్ళు వేరే ఉంచి చూడాలన్నది ఆ తోట పద్ధతి, ఆయన దాన్ని పట్టించుకోకుండా నెమలి పక్కనే వరసగా పేర్చాడు. వానలు పడ్డాయి. పది రోజులు ముసురు వదల్లేదు. తాతకి ఒక సరదా ఉండేది. చూపు పోయాక ఆకుల మీద నీళ్ళు పడే చప్పుడు వినడం ఆయనకి ఇష్టమైంది. వాన వెలిసిన రోజు కూడా గొట్టం పట్టుకుని పొదల నెత్తిన పోసేవాడు. వద్దు నాన్నా, మొదట్లోనే పోద్దామని ఆమె అంటే, నీళ్ళెలా పోయాలో కూడా బకెట్టు చెప్పాలా అన్నాడు.

పదకొండో రోజు నెమలి కడుపు కింద ఆకుల మీద ఆమెకి మచ్చలు కనిపించాయి. గోధుమరంగు మచ్చ, అంచున నల్ల గీత. ఆకు తిప్పి చూస్తే వెనక తెల్లటి నూగు. కొమ్మ మీద పెన్సిలుతో గీసినట్టు నల్ల చారలు. మర్నాటికి చెయ్యి తగిలితే చాలు ఆకులు జలజలా రాలిపోయాయి. ముసురుకి జలుబు చేసి తాత ఆ రెండు రోజులూ గది దాటి రాలేదు.

నెలకోసారి తోటలు చూడడానికి వచ్చే మొక్కల డాక్టరమ్మ ఆ రోజే వచ్చింది. చూడగానే చెంగుతో ముక్కు మూసుకున్నట్టు మొహం పెట్టింది. ఇది గాలికి వచ్చే జబ్బు కాదమ్మా, తెచ్చి పెట్టుకున్నది, నీటి చుక్కతో ఎగురుతుంది, చేతితో నడుస్తుంది, రాలిన ఆకులో ఏళ్ళ తరబడి పడుకుని లేస్తుంది అంది. యాభై మొక్కలూ కాల్చెయ్యమంది. పన్నెండింటిలో నెమలి, బాతు అప్పటికే పోయాయని, మిగతావాటికి కింద ఆకులు ఏరేసి, లోపల గాలాడేలా పలచన చేసి, వారం వారం మందు కొట్టమంది. పైనుంచి నీళ్ళు మాత్రం వద్దే వద్దంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం. అల్లుడి మొహం పాలిపోయింది. చెల్లెలు అక్కని ట్యాంకు వెనక్కి లాక్కుపోయింది.

"అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను. ఆ మొక్కలు ఈయన తెచ్చాడని నాన్నకి తెలిస్తే తోలు వలుస్తాడు. ఇంట్లోంచి గెంటేస్తాడు. పిల్లల్ని తీసుకుని ఎక్కడికి పోనూ?"

"నెమలి చచ్చిపోయింది. రేపు పొద్దున తడుముతాడు. ఏం చెప్పను?"

చెల్లెలు అక్క వెనక నిలబడ్డ పన్నెండుమంది కేసి చూసింది. ఆ చూపు చాలు.

ఆ మధ్యాహ్నం తాత గుర్రుపెడుతున్నప్పుడు, ముగ్గురూ కలిసి చచ్చిన నెమలిని, బాతుని పెకలించారు. తొట్లలో మన్ను తీసేసి, వేడినీళ్ళతో కడిగి, కొత్త మన్ను పోసి, ట్యాంకు వెనక నెమలిని, బాతుని తెచ్చి దింపారు. మళ్ళీ మన్ను అదే ఎత్తున నొక్కారు. ఆకులకి మచ్చలొచ్చాయని మాత్రం ఆయనకి చెప్పక తప్పలేదు, ఎందుకంటే మందు వాసన దాగదు. మచ్చలా, అయితే బకెట్టు నీళ్ళు మార్చి ఎన్నాళ్ళయిందో అన్నాడు. రోజూ మారుస్తున్నానని ఆమె అంది. చెయ్యి చాపమన్నాడు. చాపింది. కత్తెర పిడితో కణుపుల మీద మూడు దెబ్బలు వేశాడు. అల్లుడు పక్కనే నిలబడి, అవును మామయ్యా, ఈ కాలంలో శుభ్రం ముఖ్యం అన్నాడు. ఆ నోటికి ఆ మాట ఎలా వచ్చిందో.

మర్నాడు పొద్దున ఆయన వేళ్ళు నెమలి మెడ మీద పడ్డాయి. వేళ్ళు మెడ వంపు దాకా వెళ్ళాయి, ఆగాయి, వెనక్కొచ్చాయి, మళ్ళీ వెళ్ళాయి. అయిపోయింది నా పని అనుకుంది ఆమె.

"చూశావుటే బకెట్టూ," అన్నాడు తాత. "చెయ్యంటే ఇదీ. ముదిరే కొద్దీ ఈ మెడ ఎంత ఒయ్యారంగా వస్తోందో. నేను పోయాక ఈ వంపు తిప్పేవాడు పుట్టడు."

ఆమె చేతిలో బకెట్టు ఒరిగి కాళ్ళ మీద నీళ్ళు ఒలికాయి. ఆ మాట ఆమెకి కాదు. కానీ ఆమె చేతికే. నలభై ఏడేళ్ళలో మొదటిసారి.

ఆ తరవాత కోడిపుంజు పోయింది. మెట్లు పోయాయి. పాము పోయింది. పోయినదల్లా ట్యాంకు వెనకనుంచి వచ్చి నిలబడింది. కాల్చినవాటి పొగ గురించి ఆయన అడిగితే చెత్త అన్నారు. పొద్దున్నే ఆ వేళ్ళు పాము చుట్టల మీద జారుతుంటే, ఆహా అని ఆయన తనని తాను మెచ్చుకుంటుంటే, ఆమెకి మనసు చల్లబడేది. దొంగిలించిన సొమ్ముని చీకట్లో లెక్కపెట్టుకునే దొంగకి ఎంత ఆనందమో అంత. అన్నం సహించేది. పాటలు కూడా పాడుకునేది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. ఐదు పోయేసరికి ఆమెకి జబ్బు సంగతి బాగా తెలిసిపోయింది. ఎప్పుడు ఏరాలి, ఎక్కడ కోసెయ్యాలి, ఎన్ని రోజులకి మందు కొట్టాలి, అన్నీ డాక్టరమ్మ కంటే ఎక్కువే తెలుసు. ఏనుగుని, గంటని, పడవని, కుందేలుని, కుండని, గొడుగుని ఆమే బతికించింది, ఒక్కో ఆకూ ఏరి. గుర్రానికి మచ్చ మొదలైనప్పుడు కూడా బతికించగలిగేదే. కానీ ట్యాంకు వెనక తన గుర్రం ఉంది. దాని జూలు తండ్రి గుర్రం జూలు కంటే బాగా వచ్చిందని ఆమెకి తెలుసు. ఆయన వేళ్ళు దాని మీద పడితే ఏమంటాడో వినాలనిపించింది. నాలుగు రోజులు ఆకులు ఏరలేదు, మందు కొట్టలేదు. ఐదో రోజుకి గుర్రం మోడు. దానంతటది చావలేదు, ఆమె చావనిచ్చింది.

జూలు మీద వేళ్ళు పెట్టి ఆయన ఏమన్నాడంటే, అబ్బ, గుర్రం పరిగెడుతోంది అన్నాడు.

వానలు వెనకబట్టాక ఒక పొద్దున, పన్నెండూ తడిమి కుర్చీలో కూలబడి, కూతుళ్ళనీ అల్లుణ్ణీ పిలిచాడు తాత. వచ్చే ఆదివారం పార్కు అధికారిని, హోటలు తోటమాలిని, పాత ఖాతాదార్లని పిలవమన్నాడు. పదిమంది ముందు కత్తెర అల్లుడికి ఇచ్చేస్తానన్నాడు. అల్లుడు ఉబ్బిపోయి మామ కాళ్ళ దగ్గర చతికిలబడ్డాడు. చెల్లెలు అక్క మొహం కేసి చూడలేక కొంగు మెలిపెట్టుకుంది.

బకెట్టు కిందపెట్టింది ఆమె. తండ్రి ముందుకొచ్చి నిలబడింది.

"నాన్నా, కత్తెర నాకివ్వు."

ఆయనకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వాడు. "బకెట్టుకి కత్తెరేంటే. రేపు చీపురొచ్చి కుర్చీ అడుగుతుంది."

"రోజూ పొద్దున్నే మెచ్చుకుంటున్నావే, ఆ పన్నెండింట్లో ఆరు నావి. నీవి ఆరు చచ్చిపోయాయి. నేను కోసినవి తెచ్చి పెట్టాను. నీ వేళ్ళకే తేడా తెలియలేదు. ఇప్పుడైనా ఆ మాట అను నాన్నా. పదిమంది ముందు అక్కర్లేదు. ఇక్కడే, ఈ ముగ్గురి ముందే అను."

తాత నవ్వు ఆగిపోయింది. చిన్నకూతుర్ని పిలిచి నిజమేనా అని అడిగాడు. అడకత్తెరలో పోకచెక్క అయింది చిన్నది. అవునంటే, జబ్బెలా వచ్చిందన్నది తరవాతి ప్రశ్న. మొగుడు వెనకనుంచి నడుం మీద గిల్లాడు.

"ఏమో నాన్నా," అంది. "అక్కకి ఈ మధ్య ఒంట్లో బాగుండటం లేదు. ఏవేవో అంటోంది."

ఆమె చెల్లెలి కేసి తిరిగి చూసింది. తిట్టలేదు. ఆ యాభై మొక్కల సంగతి అప్పుడే అనేసి ఉంటే అల్లుడి పని అక్కడితో సరి. అనలేదు. ఆమెకి కావలసింది అల్లుడి తోలు కాదు, తండ్రి నోట ఒక్క మాట.

అదే సమయానికి డాక్టరమ్మ సైకిలు గేటుకి ఆనించి లోపలికొచ్చింది, నెలవారీ చూపుకి. వరసంతా చూసి, ఇక భయం లేదు తాతగారూ అంది. అని ఊరుకోకుండా, ఆరు పొదలు నేనే తగలబెట్టించాను, మళ్ళీ ఇంత వరసగా ఎలా నిలబెట్టారండీ, ఎవరిదో కానీ బంగారం లాంటి చెయ్యి అంది. మనుషుల మొహాలు చూసే అలవాటు ఆవిడకి లేదు, ఆకుల మొహాలే చూస్తుంది. పుస్తకంలో ఏదో రాసుకుని, మందు ఇంకో నెల కొట్టండని చెప్పి, వచ్చినదారిన వెళ్ళిపోయింది.

గేటు మూసిన చప్పుడు కాగానే తాత కుర్చీలోంచి లేచాడు.

జబ్బు ఎలా వచ్చిందని మెల్లగా అడిగాడు. వానకి వచ్చింది నాన్నా అని చిన్నది గబుక్కున అంది. వానకి కాదు, బకెట్టు వల్ల వచ్చింది, కడగని చేతుల వల్ల వచ్చింది అన్నాడు ఆయన. చంపింది నువ్వే, చంపి ఆ పీనుగల చోట నీ పిల్లల్ని కూర్చోబెట్టావు, నా చేత ముద్దు పెట్టించావు అన్నాడు. ఆమె నోరు విప్పలేదు. గుర్రం గుర్తొచ్చింది కాబోలు.

"ఏవే నీవి? చూపించు. రంపం తే."

రంపం అల్లుడు తెచ్చాడు. ఆమె తండ్రి మణికట్టు పట్టుకుంది. ఎముకలు పక్షివిలా ఉన్నాయి. అటు నెమలి, బాతు, పాము, ఆమె ప్రాణం పోసిన ఆరూ ఉన్నాయి. ఇటు ఆయనవి ఆరు. ముప్పై మూడేళ్ళు కునుకు గంటల్లో దాచుకున్నవి ఒక పక్క, ముప్పై ఎనిమిదేళ్ళు నీళ్ళు మోసి పెంచినవి ఇంకో పక్క. ఆమె ఎక్కువసేపు ఆలోచించలేదు. ఆయన్ని కుందేలు దగ్గరికి నడిపించింది.

"ఇది నాది," అంది.

ఆయన కుందేలు చెవులు పట్టుకుని తడిమాడు. తన చేత్తో, తన కళ్ళున్న రోజుల్లో కోసిన చెవులు. "చెవులా ఇవి? చెప్పు అట్టలు. ఇన్నాళ్ళూ నా వేలికి ఎలా తెలియలేదో," అని చెవులు రెండూ కత్తెరతో కోసి, వంగి మొదట్లో రంపం పెట్టాడు. మొదలు బొటనవేలు లావే. పావుగంటలో కుందేలు పక్కకి వాలింది.

చిన్నదాని నోటికి చెయ్యి అడ్డం వెళ్ళింది. ఏది ఎవరిదో ఆమెకీ తెలుసు, మొగుడికీ తెలుసు, మోసింది వాళ్ళేగా. కానీ ఇందాకేగా ఏమో తెలియదంది. ఇప్పుడు నాన్నా అది నీదే అంటే, నీకెలా తెలుసే అని అడుగుతాడు. తేలు కుట్టిన దొంగల్లా మొగుడూ పెళ్ళాం గోడకి ఆనుకుని నిలబడిపోయారు.

గంట దగ్గరికి తీసుకెళ్ళింది. గంటకి నోరు వంకరపోయిందన్నాడు, కోశాడు. పడవని తడిమి, ఇది ఎక్కినవాడు ఒడ్డునే మునుగుతాడన్నాడు, కోశాడు. కుండకి తూట్లున్నాయన్నాడు. గొడుగు కింద కోడిపిల్ల కూడా తడుస్తుందన్నాడు. ఒక్కోదానికీ ఒక ఎకసెక్కం, ఒక కోత. రంపం ఆడిస్తుంటే ముసలి చేతుల నరాలు తాళ్ళలా లేచాయి. అల్లుడు సాయం పట్టబోతే తోసేశాడు. ఒక్కోదానికీ మధ్య అలవాటు కొద్దీ రంపం ముందుకు చాపేవాడు, ఆమె ముంచి, తుడిచి ఇచ్చేది. ఆ క్రమం ఎక్కడా తప్పలేదు.

చివరికి ఏనుగు మిగిలింది.

"ఇది కూడానా?" అన్నాడు.

"ఇది కూడా నాన్నా."

తాత కత్తెర కింద పెట్టి రెండు చేతులూ ఏనుగు మీద వేశాడు. తొండం మొదట్నుంచి కొసదాకా వెళ్ళాడు. చెవి వెనక్కి వెళ్ళాడు. ముందు కాలి మోకాలి దగ్గర లోపలివైపు బొటనవేలు పట్టేంత గుంట ఉంది, అక్కడ వేలు పెట్టి చాలాసేపు ఉండిపోయాడు. ఎండ పొద మీదికి వచ్చింది. వీధిలో ఎవరో బండి తోసుకుంటూ పోయారు. ఆయన మొహంలో కోపం తగ్గి, ఇంకేదో వచ్చింది. పనివాడు ఇంకో పనివాడి పని చూసేటప్పుడు వచ్చే మొహం అది. ఆమె ఎన్నడూ చూడలేదు.

"నీవాటిల్లో ఇదొక్కటే," అన్నాడు నెమ్మదిగా, "కాస్త చెయ్యి తగిలినట్టుంది. ఈ మోకాలు... ఊ. ఇది వేరేవాడు చేసుంటే, చెయ్యి ఉందనేవాణ్ణి."

ముప్పై మూడేళ్ళు ఎదురుచూసిన మాట అది. వచ్చింది. వచ్చి ఆయన ఏనుగు మీద వాలింది. ఆగు నాన్నా, అది నీదే అని అనడానికి ఆమెకి ఒక్క క్షణం దొరికింది. నిజంగా దొరికింది, ఆయన రంపం కోసం చెయ్యి చాపే లోపు. ఆ ఏనుగు బతకడానికి ఆమె ఏరిన ఆకులు బుట్టలకొద్దీ ఉంటాయి. నోరు కూడా తెరిచింది. కానీ పక్కనున్న నెమలి, గుర్రం కనిపించాయి. నిజం చెబితే అవి పోతాయి.

రంపం కడిగి ఆయన చేతికిచ్చింది.

ఏనుగు మొదలు మణికట్టు లావు. ముప్పావుగంట పట్టింది. సగంలో ఆయన ఆయాసపడి కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ లేచాడు. అది వాలినప్పుడు సిమెంటు తొట్టి అంచు కూడా పెచ్చు ఊడింది.

అప్పుడు మిగిలినవాటి దగ్గరికి తీసుకెళ్ళమన్నాడు. తీసుకెళ్ళింది. నెమలిని, బాతుని, కోడిపుంజుని, గుర్రాన్ని, మెట్లని, పాముని మెల్లమెల్లగా, పోగొట్టుకున్న పిల్లల్ని తడుముకున్నట్టు తడిమాడు. గుడ్డి కళ్ళలోంచి నీళ్ళు కారాయి. నా ఆరూ మిగిలాయి, చాలు అన్నాడు. వీటి పక్కన నీవి ఎలా నిలబెట్టాలనిపించిందే, సిగ్గు వెయ్యలేదూ అన్నాడు. "ఏడు జన్మలెత్తినా నీకు ఈ చెయ్యి రాదు."

"రాదు నాన్నా," అంది ఆమె.

అల్లుడూ అని పిలిచాడు. ఆదివారం దాకా ఎందుకు, ఇప్పుడే తీసుకోమని కత్తెర చాపాడు. అల్లుడు రెండడుగులు వెనక్కి వేశాడు. నాకొద్దు మామయ్యా, నాకొద్దు అని మాత్రం అని, వదినగారి మొహం కేసి చూసి, గబగబా ఇంట్లోకి వెళ్ళిపోయాడు. చిన్నది కూడా వెనకే పోయింది. ముసలాయన చేతిలో కత్తెర గాలిలో అలాగే ఉంది.

"ఎవరున్నారక్కడ?"

"నేనే నాన్నా."

తుడిచి పెట్టు అని కత్తెర ఆమె చేతిలో పడేశాడు. ఆమె తుడిచి నడుముకి దోపుకుంది.

తరవాత ఆరింటినీ ఈడ్చి ట్యాంకు దగ్గర కుప్ప వేసింది. ఒక్క ఆకు మీదా మచ్చ లేదు. కిందా మీదా ఎండు పుల్లలు పెట్టి అంటించింది. ఆ వాసనకి తాత కుర్చీ అటు జరిపించుకుని, పొగకి ఎదురుగా కూర్చుని చేతులు చాచి కాచుకున్నాడు. రంపం ఆడించిన వేళ్ళు కొంకర్లు పోతున్నాయి.

"అంటుకున్నాయా?" అన్నాడు.

"అంటుకున్నాయి."

"మరి మంట చప్పుడు లేదే?"

"పచ్చివి కదా నాన్నా," అంది, కర్రతో ఏనుగు తొండాన్ని లోపలికి తోస్తూ. "నెమ్మదిగా కాలతాయి."